వేడెక్కితే కణాలకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, పాలమూరు పల్లె బడుల్లో చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ పిల్లలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. మీటింగుకు వచ్చిన తల్లులు, చాయ్ దగ్గర కలిసిన రైతులు అడిగినవి కూడా కొన్ని చేర్చాను. పరీక్షకు బట్టీ పట్టే జవాబులు గైడ్లలో ఎలాగూ దొరుకుతాయి. అర్థమయ్యేదాకా అడిగే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ కణం అంటే ఒంట్లోని జీవకణం కాదు, ఏ పదార్థమైనా వేటితో తయారైందో ఆ కంటికి కనిపించని అతి చిన్న తునక.

వేడి చేస్తే కణాలు ఉబ్బుతాయా?

ఉబ్బవు. ఈ ఒక్క మాట సరిచేసుకుంటే పాఠం సగం వచ్చినట్టే. ఇనుప కడ్డీని కాలిస్తే కడ్డీ పొడవు పెరుగుతుంది కాబట్టి, లోపల కణాలు కూడా పెరిగి ఉంటాయని పిల్లలు అనుకుంటారు. పరీక్ష పేపర్లలో "కణాలు వ్యాకోచిస్తాయి" అని రాస్తారు. మంచు కరిగినప్పుడు "కణాలు కరుగుతాయి" అని కూడా రాస్తారు. రెండూ తప్పే. మంచుగడ్డలో ఉన్నదీ, గ్లాసు నీళ్లలో ఉన్నదీ, ఆవిరిలో ఉన్నదీ ఒకే నీటి కణం. దాని సైజు మారదు, బరువు మారదు. మారేవి రెండే: అది ఎంత జోరుగా కదులుతోంది, పక్క కణానికి ఎంత ఎడంగా ఉంది. వేడి చేయడమంటే కణాల కదలికను పెంచడం, చల్లార్చడమంటే తగ్గించడం. కింది ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఘనపదార్థంలో కణాలు కదలవు కదా?

కదులుతాయి. బండరాయిలో కూడా ప్రతి కణం తన చోటు వదలకుండా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ద్రవంలో ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి, అందుకే నీళ్లు ఏ గిన్నెలో పోస్తే ఆ రూపానికి వస్తాయి. వాయువులో ఒకదాన్నొకటి దాదాపు వదిలేసి దూరదూరంగా తిరుగుతాయి. మన గదిలోని గాలి కణాల వేగం సగటున సెకనుకు 500 మీటర్ల దాకా ఉంటుంది. అంత వేగముంటే వంటింట్లో పోపు వాసన క్షణంలో వాకిట్లోకి రావాలి కదా అని ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఆ కణం సూటిగా రాదు. అడుగడుగునా వేరే కణాలను గుద్దుకుని దారి మళ్లుతూ వస్తుంది, అందుకే ఆలస్యం.

ఇదివరకు ఈ పాఠాన్ని ప్రేయర్ లైనుతో పోల్చి చెప్పేవాణ్ని. వరుసలో నిలబడితే ఘనం, భోజనం దగ్గర తోపులాట ద్రవం, చివరి గంట కొడితే వాయువు అని. ఇప్పుడు మానేశాను. ఆ పోలిక వింటే కణాలు తమంతట తామే ఎటు పోవాలో అనుకుంటాయన్న భావన పిల్లల మనసులో పడుతోంది. పిల్లల మధ్య గాలి ఉన్నట్టే కణాల మధ్య కూడా గాలి ఉంటుందని అనుకుంటున్నారు. కణాల మధ్య ఏమీ ఉండదు. అది ఖాళీ చోటు, అంతే. గాలి అనేదే కణాలు కదా, మళ్లీ వాటి మధ్య ఇంకో గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

కంటికి కనిపించనివి కదులుతున్నాయని ఎలా నమ్మాలి?

రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో రంజన్ (మట్టి కుండ) లోని చల్లని నీళ్లు, ఇంకోదాంట్లో వేడి నీళ్లు పోసి, నీళ్లు నిలకడగా అయ్యేదాకా రెండు నిమిషాలు ఆగండి. ఇంకు సీసాలోంచి ఒక్కో చుక్క రెండింట్లోనూ మెల్లగా వదలండి. చల్లని నీళ్లలో సిరా దారంలా కిందికి జారి, అడుగున నీలి మబ్బులా చాలాసేపు కూర్చుంటుంది. వేడి నీళ్లలో ఆ దారం వెంటనే తెగి, పొగలా విడిపోయి, చూస్తుండగానే గ్లాసంతా లేత నీలం అవుతుంది. ఎవరూ కలపలేదు, స్పూను పెట్టలేదు. వేడి నీళ్లలో లేచే ప్రవాహాలు కూడా కొంత సాయం చేస్తాయి. కానీ నిలకడగా ఉన్న చల్లని గ్లాసులో కూడా సిరా రోజులు గడిచేకొద్దీ దానంతట అదే మెల్లగా పరుచుకుంటుంది చూడండి, అది కణాల పని. దీన్నే విసరణం అంటాం.

శాస్త్రవేత్తలకు కూడా ఈ అనుమానం చాలాకాలం ఉంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోంచి వచ్చిన సన్నటి రేణువులు నీళ్లలో ఆగకుండా వణుకుతుండడం మైక్రోస్కోపులో చూశాడు. ఎందుకో ఆయనకు తెలియలేదు. కనిపించని నీటి కణాలు అన్నివైపుల నుంచీ వాటిని గుద్దుతున్నాయని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి చూపాడు. ఆ లెక్కను జాన్ పెరిన్ ప్రయోగాలతో రుజువు చేశాడు, 1926లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే కణాలున్నాయని అందరూ ఒప్పుకుని ఇంకా నూట ఇరవై ఏళ్లు కూడా కాలేదు. మీ పిల్లలు ఒక్క పీరియడ్‌లో నమ్మలేకపోతే కోప్పడకండి.

బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎందుకు వేస్తారు?

ఇప్పటి పిల్లల్లో ఇది చూసినవాళ్లు తక్కువ. నా చిన్నప్పుడు చూసింది చెబుతాను. వడ్రంగి చేసిన కొత్త చక్రాన్ని నేల మీద వెల్లకిలా పెట్టేవాళ్లు. పట్టా చక్రం కంటే కాస్త చిన్నది, మామూలుగా అయితే ఎక్కదు. దాని చుట్టూ పిడకలు పేర్చి, ఎర్రబడేదాకా కాల్చి, నలుగురు మనుషులు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద దించేవాళ్లు. కర్రకు తగిలిన చోటల్లా పొగ లేచేది. కమ్మరి సుత్తితో చుట్టూ సర్దగానే బిందెలతో నీళ్లు గుమ్మరించేవాళ్లు. బుస్సుమని ఆవిరి, ఆ వెనకే కర్ర కిర్రుకిర్రుమనే చప్పుడు. చక్రం ఆకులన్నీ లోపలికి బిగుసుకుంటున్న చప్పుడు అది.

లెక్క చూడండి. ఐదడుగుల చక్రానికి పట్టా చుట్టుకొలత సుమారు 4.7 మీటర్లు. ఇనుము ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. చాలా తక్కువే. కానీ 400 డిగ్రీలు పెరిగితే ఆ పట్టా 2 సెంటీమీటర్ల పైనే సాగుతుంది, చక్రం మీదికి ఎక్కడానికి అది చాలు. చల్లారగానే కణాల ఊపు తగ్గి మళ్లీ దగ్గరికి వస్తాయి, పట్టా చక్రాన్ని పిండేస్తుంది. మేకు లేదు, బంక లేదు. ఏ పుస్తకమూ చదవని కమ్మరి ఎంత చిన్న పట్టా తీసుకోవాలో కంటి అంచనాతోనే చెప్పేవాడు. ఆ చేతికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

బండలు తీసేవాళ్లు కూడా ఇదే సూత్రం వాడుకున్నారు. నల్లరాతి బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే పై పొర వేడెక్కి సాగుతుంది, కింది రాయి చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు పొర పలకలా లేస్తుంది.

మరి రైలు పట్టాలు ఎండకు సాగవా?

సాగుతాయి. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలున్న పట్టా మే నెల మధ్యాహ్నం 60 దాటవచ్చు. లెక్క ప్రకారం కిలోమీటరు పట్టా అర మీటరు పైగా పెరగాలి. పాతకాలంలో అందుకే ముక్కముక్కకీ మధ్య సందు వదిలేవాళ్లు, రైలు టకటక చప్పుడు ఆ సందులదే. ఇప్పుడు వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాలు వేస్తున్నారు. మధ్యస్థంగా ఉండే ఒక ఉష్ణోగ్రత దగ్గర వాటిని బిగిస్తారు. స్లీపర్లు, కంకర కలిసి కదలకుండా పట్టి ఉంచుతాయి. సాగాలన్న ఒత్తిడి పట్టాలోనే ఉంటుంది కానీ పొడవు పెరగనివ్వరు. ఎండలు ముదిరినప్పుడు లైను మీద గస్తీ పెంచేది ఇందుకే.

ఎండలో పెట్టిన సైకిల్ ట్యూబ్ ఎందుకు పగులుతుంది?

లోపలి గాలి కణాలు జోరందుకుని రబ్బరు గోడను ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు గుద్దుతాయి. 25 డిగ్రీల నుంచి 60కి పోతే ఒత్తిడి సుమారు 12 శాతం పెరుగుతుంది. మంచి ట్యూబ్ తట్టుకుంటుంది, ప్యాచీలు వేసిన పాతది తట్టుకోదు.

నీళ్లు సరిగ్గా 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయా?

సముద్రమట్టం దగ్గర అయితే అవును. మన పాలమూరు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ పైనుంచి నొక్కే గాలి కొంచెం తక్కువ, కాబట్టి నీటి కణాలు తప్పించుకోవడం కొంచెం సులువు. నీళ్లు 98 దాటిన కాసేపటికే మరుగుతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు థర్మామీటరు చూసి రికార్డులో 98 అని రాసుకొచ్చాడు. పుస్తకంలో 100 ఉంది కదా అని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఏం మాట్లాడకుండా దిద్దుకుపోయాడు. చూసింది చూసినట్టు రాసిన పిల్లవాణ్ని తప్పన్నాను. తర్వాత తెలుసుకుని క్లాసులో అందరి ముందూ చెప్పాను కానీ, ఆ రోజు వాడి మొహం ఇంకా గుర్తుంది. టీచర్లకు నా మనవి: పిల్లలు తెచ్చిన అంకె పుస్తకంతో కలవకపోతే ముందు కారణం వెతకండి.

కుక్కర్‌లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు 120 డిగ్రీల దగ్గరికి వెళ్తేగానీ మరగవు. పప్పు తొందరగా ఉడికేది అందుకే.

మరిగే నీళ్లలో బుడగలు గాలివా?

మొదట గిన్నె అడుగున అంటుకుని కనిపించే చిన్న బుడగలు నీళ్లలో కరిగి ఉన్న గాలివి. తర్వాత తెర్లుతూ పైకి వచ్చే పెద్ద బుడగలన్నీ నీటి ఆవిరి. ఒక లీటరు నీళ్లు మొత్తం ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కణాల సంఖ్య అంతే, ఎడం అంత పెరిగింది.

ఇంకో సంగతి. చాయ్ కెటిల్ ముక్కులోంచి వచ్చే తెల్లటి పొగను అందరూ ఆవిరి అంటారు. దగ్గరికి వంగి, చేయి కాలకుండా, సరిగ్గా ముక్కు కొసన చూడండి. అక్కడ ఒక వేలు వెడల్పున ఏమీ కనిపించదు, ఆ తర్వాతే తెల్లగా మొదలవుతుంది. కనిపించని ఆ వేలెడు చోటే అసలైన ఆవిరి. తెల్లగా కనిపించేది చల్లబడి మళ్లీ నీటి తుంపరలైన భాగం. చలికాలం పొద్దున చెరువు మీద లేచే పొగమంచు కూడా ఇలాంటి తుంపరలే.

మంచు కరిగేటప్పుడు ఎంత వేడి చేసినా థర్మామీటరు ఎందుకు కదలదు?

మార్కుల కోసం కాకపోయినా ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. గిన్నెలో మంచు ముక్కలేసి సన్నని సెగ మీద పెట్టి కలుపుతూ ఉంటే, మొత్తం కరిగేదాకా సుమారు 0 దగ్గరే ఉంటుంది. మంట మండుతూనే ఉంది కదా, మరి ఆ వేడి ఎక్కడికి పోయింది? కణాల వేగం పెంచడానికి కాదు, వాటిని పట్టి ఉంచిన పట్టు విడిపించడానికి ఖర్చయింది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడిని ఒక కేలరీ అంటాం. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. అదే గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 540. కణాలు పూర్తిగా విడిపోవాలంటే అంత ఖర్చు. దీన్ని గుప్తోష్ణం అంటారు, దాగిన వేడి అని. మంచి పేరు పెట్టారు. మరిగే నీళ్ల కంటే ఆవిరి తగిలితే ఎక్కువ కాలేది కూడా అందుకే. చర్మం మీద అది నీరవుతూ, దాచుకున్న ఆ 540 కేలరీలూ మనకే ఇచ్చేస్తుంది.

రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? వానలు పడగానే కూలర్ ఎందుకు పనిచేయదు?

రెండింటికీ జవాబు ఒకటే. మట్టి రంజన్ గోడలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు చెమ్మలా బయటికి ఊరుతుంది. నీళ్లు ఆవిరి కావడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. ఏ వేడి దగ్గరైనా కొన్ని కణాలు మిగతావాటికంటే వేగంగా ఉంటాయి, పైన ఉన్నవాటిలో అవి తప్పించుకుపోతాయి. వేగమున్నవి పోతే మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. అంటే చల్లబడుతుంది.

ఒక్క గ్లాసు నీళ్లు అలా ఆవిరైతే, 58 గ్లాసుల నీళ్లను 10 డిగ్రీలు చల్లబరిచేంత వేడిని తీసుకుపోతుంది. బయటి వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి పూర్తి ఫలితం మనకు దక్కదు కానీ, పదో వంతు దక్కినా చాలు. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ గాలి పొడిగా ఉంటుంది, కణాలు సులువుగా వెళ్లిపోతాయి, రంజన్ కూడా కూలర్ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తాయి. తొలకరి పడ్డాక గాలిలో అప్పటికే బోలెడు నీటి ఆవిరి ఉంటుంది. కూలర్ గడ్డి నుంచి ఎన్ని కణాలు పోతాయో దాదాపు అన్నే తిరిగి వస్తాయి. మిగిలేది ఉక్కపోత. అప్పుడు కూలర్‌లో నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యాను వేసుకోవడమే మేలు.

రంజన్‌కు రంగు వేయకండి. రంధ్రాలు మూసుకుపోతాయి.

చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది, పల్లీనూనె ఎందుకు కట్టదు?

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన డిసెంబరు రాత్రులకు అది చాలా ఎక్కువ. దాని కణాలు తిన్నని పుల్లల్లాంటివి, కట్టగా పక్కపక్కనే ఒదిగిపోతాయి. పల్లీనూనె కణాల్లో చాలావాటికి మధ్యలో వంకర ఉంటుంది. వంకర పుల్లలు దగ్గరగా ఒదగాలంటే ఇంకా చాలా చల్లబడాలి. సీసాలో నూనె గడ్డకట్టింది కాబట్టి స్వచ్ఛమైనదని, కట్టలేదు కాబట్టి కల్తీ అని తేల్చేయకూడదు. అసలు ఏ నూనె అని అడగాలి ముందు.

చల్లబడితే అన్నీ కుంచించుకుపోతాయి కదా, ఫ్రీజర్‌లో నిండు నీళ్ల సీసా ఎందుకు పగిలింది?

నీరు ఈ లెక్కకు లొంగదు. 4 డిగ్రీల దాకా కుంచించుకుపోయి, ఆ తర్వాత మళ్లీ వ్యాకోచిస్తుంది. గడ్డకట్టేటప్పుడు కణాలు మధ్యలో ఖాళీలు వదిలి ఒక అల్లికలో కూర్చుంటాయి, అందుకే సుమారు 9 శాతం ఎక్కువ చోటు పడుతుంది. మంచు నీళ్ల మీద తేలేదీ అందుకే.

గ్యాస్ సిలిండర్ ఊపితే లోపల నీళ్లలా ఎందుకు చప్పుడవుతుంది?

లోపల ఉన్నది ద్రవమే. ఒత్తిడితో కణాలను దగ్గరికి నెట్టి ద్రవం చేశారు కాబట్టే 14.2 కిలోల గ్యాస్ అంత చిన్న సిలిండర్‌లో పట్టింది. వాల్వు తెరిస్తే కొంచెం కొంచెంగా వాయువై వస్తుంది. చలికాలంలో మంట తగ్గిందని సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టడం, మంట దగ్గరికి జరపడం కొందరు చేస్తారు. దయచేసి చేయకండి. సైకిల్ ట్యూబ్‌కు జరిగిందే దానికీ జరగవచ్చు.

డాంబర్ గోలీలు, కర్పూరం కరగకుండానే ఎటు పోతాయి?

ఘనం నుంచి నేరుగా వాయువుగా. దాన్ని ఉత్పతనం అంటారు. డబ్బా మూత బిగించి పెడితే ఎక్కువ రోజులు వస్తాయి.

సున్నపురాయిని కాలిస్తే సున్నం అవుతుంది. అది కూడా స్థితి మారడమేనా?

కాదు. మంచు నీరైతే కణం అదే. సున్నపురాయి 900 డిగ్రీల దగ్గర కాలితే కణమే విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ వేరై గాలిలోకి పోతుంది. స్వచ్ఛమైన 100 కిలోల రాయి కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. చల్లార్చినంత మాత్రాన అది మళ్లీ రాయి కాదు. హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో మొదట జరిగేది ఇదే. రాయిని ముందే మట్టితో కలిపి పొడి చేసి ఉంచుతారు, ఆ తర్వాత 1,450 డిగ్రీల దాకా తీసుకుపోతారు. "కణం మారిందా, కణాల మధ్య ఎడం మారిందా" అని అడిగి చూస్తే రసాయన మార్పు ఏదో, భౌతిక మార్పు ఏదో తేలిపోతుంది.

స్థితులు మూడేనా?

ఇంకా ఉన్నాయి. పిడుగు పడినప్పుడు మెరిసే దారిలో గాలి కణాలు వేడికి చిట్లి ప్లాస్మా అవుతాయి, ట్యూబ్‌లైట్‌లో కూడా ప్లాస్మానే. ఇంకో చివర, సున్నాకు 273 డిగ్రీల కింద, కదలిక దాదాపు ఆగిపోయే చోట, బోస్-ఐన్‌స్టీన్ స్థితి ఉంది. మన సత్యేంద్రనాథ్ బోస్ 1924లో చేసిన లెక్కల నుంచి పుట్టిన ఊహ అది. ప్రయోగశాలలో 1995లో తయారైంది.

సార్, బోరు నీళ్లు బాగా కాచి తాగితే ఫ్లోరైడ్ పోతదా?

పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ బోరు నీళ్లలో ఎక్కువున్న మర్రిగూడ, మునుగోడు వైపు ఈ ప్రశ్న నన్ను ఎంతమంది తల్లులు అడిగారో లెక్కలేదు. పోదు. ఇంకా పెరుగుతుంది.

ఇక్కడి నల్లరాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. భూమిలోపల నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్లను తాకుతూ వాటిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటాయి. నీళ్లు కాస్తే ఆవిరై పోయేవి నీటి కణాలే. ఫ్లోరైడ్ కణాలు వాటితో పైకి లేవవు, గిన్నెలోనే ఉంటాయి. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు 4 లీటర్లు తీసుకుని 3 లీటర్లయ్యేదాకా కాస్తే, మొత్తం 8 మిల్లీగ్రాములూ ఆ 3 లీటర్లలోనే మిగులుతాయి. అంటే లీటరుకు 2.7 దాకా. ఉండదగిన హద్దు 1, మరో దారి లేకపోతే 1.5.

ఆ ఆవిరినే పట్టి చల్లార్చితే వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు, కానీ ఇంటిల్లిపాదికీ అలా పట్టడం కుదిరే పని కాదు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి, మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపితే ఫ్లోరైడ్ వాటితో కలిసి అడుక్కు దిగుతుంది. పాళ్లు నీళ్లను బట్టి మారతాయి, పరీక్ష చేయకుండా అంచనాగా వేయకూడదు.

కాచడం క్రిములకు మంచిది, అది మానొద్దు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో మాత్రం వంట కూడా చేయకండి. పప్పు గంటసేపు ఉడికితే నీళ్లు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ పప్పులో ఉండిపోతుంది. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లను తాగడానికి, అన్నానికి, పప్పుకు, పిల్లల పాలలో కలపడానికి వేరే బిందెలో పట్టి పెట్టుకోండి. బోరు నీళ్లు బట్టలకు, బోళ్లకు సరిపోతాయి.